చట్టసభలో చదివిన పేరు

టోలివర్, మిసిసిపీ
జనవరి 9

ఒరేయ్ లవెల్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నుంచుని మొదలుపెట్టినా మధ్యలో ఎలాగూ కూర్చుంటావు.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు నేను ఉద్యోగానికి మెంఫిస్ వెళ్ళానని అమ్మ చెప్పింది కదా. నేను ఈ రోజుకీ మెంఫిస్ మొహం చూడలేదు. ఆ పద్నాలుగు నెలలూ జైల్లో ఉన్నాను. నా పేరుతో అమ్మ నీకు చదివి వినిపించిన ఉత్తరాల్లోని నది, దీపాలు, గంట కొట్టే ట్రాలీ బండి, అన్నీ అమ్మ సొంత కవిత్వం.

ఊరికి దక్షిణాన బట్టల ఫ్యాక్టరీలో మిషను కుట్టేదాన్ని. క్రిస్మస్‌కి వారం ముందు పొద్దున్నే వెళ్ళేసరికి గేటుకి గొలుసు వేసి ఉంది. మూసేశారట. ముందు రోజు సాయంత్రం దాకా ఒక్కడూ చెప్పలేదు. నాలుగేళ్ళు కూర్చున్న మిషను లోపల ఉంది. వెనక కిటికీ గడియ ఊడిపోయి ఉంటుందని నాకు తెలుసు. నాతో పనిచేసే ఒకామె తమ్ముడి ట్రక్కు అడిగి తెచ్చి, ఆ మిషను ఎత్తుకొచ్చేశాను. మూడో రోజు పోలీసులొచ్చారు. అప్పటికి దాని మీద ఒక పిల్లాడి కోటు సగం కుట్టాను. నాకు ఇరవై ఏళ్ళు.

శిక్ష అయిపోయింది కాబట్టి కథ అయిపోయిందనుకోకు. మన రాష్ట్రంలో కొన్ని నేరాల జాబితా ఉంది. అందులో ఉన్నది చేస్తే ఓటు పోతుంది, శిక్ష పూర్తయినా తిరిగి రాదు, చచ్చేదాకా రాదు. దొంగతనం అందులో ఉంది. అంటే నేను జీవితంలో ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు.

అవును, నేనే. ఇరవై ఎనిమిదేళ్ళుగా చర్చి వ్యాను తోలుకుంటూ ఇంటింటికీ వెళ్ళి "ఓటెయ్యకపోతే మన తాతలకి మొహం ఎలా చూపిస్తారు" అని జనాన్ని తరిమే వెర్లీన్ టగ్గుల్. ముసలమ్మల చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్ళి, "నేను ఓటేశాను" అని అక్కడిచ్చే స్టిక్కరు జాకెట్టుకి అతికించుకుని బయటికి వస్తాను. అమ్మకి, మా ఆయన హోసియాకి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మ ఎప్పుడో పోయింది, ఆయన పోయి ఆరేళ్ళయింది, ఇప్పుడు ఎవరికీ తెలియదు.

మొన్న నవంబరులో మిస్ పింకీని ఇంటి దగ్గర దింపుతున్నాను. ఆవిడకి తొంభై మూడు. ఓటరుగా పేరు రాయించుకోవడానికి వెళ్ళిందని, మన నల్లవాళ్ళని ఓటు దగ్గరికి రానివ్వని ఆ రోజుల్లో ఆవిడ ఇల్లు తగలబెట్టారు, నీకు తెలుసు. సీటు బెల్టు విప్పుతుంటే నా చెంప నిమిరి "ఎవరికి వేశావే తల్లీ?" అని అడిగింది. నేను ఒక పేరు చెప్పాను. ఆవిడ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఓటు వెనక్కి రావడానికి ఒక దారి ఉంది. మన ప్రతినిధి చట్టసభలో నా ఒక్కదాని కోసం ఒక బిల్లు పెట్టాలి. వంతెనకి, రోడ్డుకి పెట్టినట్టు వెర్లీన్ టగ్గుల్‌కి ఒక బిల్లు. అందులో పేరు, కౌంటీ, చేసిన నేరం రాస్తారు. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మంది సరేననాలి. సోమవారం వెళ్ళి ప్రతినిధి గ్రేడీగారిని అడిగాను. పెడతానన్నాడు.

నీకు పేపర్లో చదివి తెలియకూడదని ముందే రాస్తున్నాను. తిట్టాలనుంటే తిట్టు.

మీ అక్క,
వెర్లీన్


జైలు, నాలుగో బ్యారక్
జనవరి 27

అక్కా,

కూర్చునే చదివాను. తర్వాత లేచి, మళ్ళీ కూర్చున్నాను. పక్క మంచం మీద పాప్ సిమ్స్ "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. "మెంఫిస్ పోయింది" అన్నాను.

తొమ్మిదేళ్ళుగా నెల తప్పకుండా ములాఖత్‌కి వస్తున్నావు. ఆ గాజు పలక ముందు నేను ఎంత ఏడ్చానో నీకు తెలుసు. "నీకేం తెలుస్తుందిలే అక్కా, నువ్వెప్పుడైనా లోపల ఉంటే కదా" అని ఎన్నిసార్లు అన్నాను? తల ఊపేదానివి! మొదటి ములాఖత్‌కే నీకు రూల్సన్నీ తెలుసు, ఏ రంగు బట్టలు వేసుకోకూడదో, ఏ మూల నుంచుంటే క్యూ త్వరగా కదులుతుందో. చర్చి తరఫున ఖైదీల దగ్గరికి వచ్చేదానివి కదా, అందువల్ల అనుకున్నాను. నేనెంత వెర్రివాణ్ణో చూడు.

కోపంగా ఉంది. ఎందుకో విడగొట్టి చెప్పలేను. ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి సంవత్సరం నాకు కొంచెం తేలికయ్యేది.

కానీ ఆ బిల్లు వద్దు. నీకు పేరుంది. చర్చిలో మొదటి వరసలో కూర్చుంటావు. పెళ్ళయినా నువ్వు మార్చుకోని టగ్గుల్ ఇంటిపేరుకి ఆ ఊళ్ళో మిగిలింది నీ పరువొక్కటే, నాది ఇక్కడ మంటగలిసింది. ఆ సభలో నీ నేరం చదివాక ఓటు వస్తుందో రాదో గానీ పేరు మాత్రం ఖాయంగా పోతుంది. అరవై రెండేళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళు లేకుండా బతికావు, ఇంక ఎందుకు?

గ్రేడీ దగ్గరికి వెళ్ళి వెనక్కి తీసుకో.

లవెల్


టోలివర్
మార్చి 12

లవెల్,

వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ చెప్తాను విను.

గ్రేడీగారు నన్ను ఒక ఉత్తరం రాసిమ్మన్నాడు. "వెర్లీనమ్మా, పశ్చాత్తాపం ఉట్టిపడాలి. మా వాళ్ళకి కళ్ళలో నీళ్ళు తిరగాలి. కొంచెం దేవుణ్ణి కలుపు, కొంచెం కన్నీళ్ళు కలుపు" అన్నాడు. పిండి వంట చెప్పినట్టు చెప్పాడు. ఇంటికొచ్చి నాలుగుసార్లు మొదలుపెట్టి, నాలుగూ చింపేశాను. ఐదోసారి ఇలా రాశాను:

"నేను మిషను ఎత్తుకెళ్ళిన మాట నిజం. జడ్జిగారు వేసిన శిక్ష రోజు తక్కువ కాకుండా అనుభవించాను. నలభై రెండేళ్ళుగా పన్నులు కడుతున్నాను. మీ జీతాల్లో నావీ ఉన్నాయి. నేను క్షమాపణ కోసం రాలేదు. ఆ పని దేవుడి దగ్గర ఎప్పుడో ముగించుకున్నాను, ఆయన ఇంత ఆలస్యం చెయ్యలేదు. నేను ఓటు కోసం వచ్చాను."

గ్రేడీ చదివి కళ్ళజోడు తీశాడు. "ఇది పెడితే నీ బిల్లు చస్తుంది."

"కన్నీళ్ళు కలిపితే బతుకుతుందా?"

"దానికీ గ్యారంటీ లేదు."

"మరి అబద్ధం ఎందుకు చెప్పడం? ఇదే పెట్టండి" అన్నాను. పెట్టాడు. మనిషి మంచివాడే, అలిసిపోయాడు.

పోయిన వారం రాజధాని జాక్సన్ వెళ్ళాను. చట్టసభ పై గ్యాలరీలో కూర్చున్నాను. నా నీలం టోపీ పెట్టుకున్నాను. కింద సభ్యుల్లో ఒకాయన వేరుశనక్కాయలు వలుస్తున్నాడు, ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. గుమాస్తా బిల్లు నంబరు, నా పేరు, కౌంటీ, "దొంగతనం" చదివాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాడు. ఇరవై సెకన్లు కూడా పట్టలేదురా. నలభై రెండేళ్ళు కడుపులో దాచుకున్నది ఇరవై సెకన్లు. సభ్యుల ఓట్లు చూపించే పలక మీద ఆకుపచ్చ దీపాలు వెలిగాయి, చాలా వెలిగాయి. కింది సభ దాటింది. ఇంక పై సభ, సెనేట్ ఉంది.

గురువారం మన ఊరి పేపర్లో వచ్చింది. ఆదివారం నేను చర్చిలోకి అడుగుపెట్టేసరికి జనం చేతుల్లోని విసనకర్రలు ఆగిపోయాయి. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. మిస్ పింకీ మాత్రం కర్ర పొడుచుకుంటూ వచ్చి కూర్చుని, ఆరాధన అయ్యేదాకా నా వైపు చూడలేదు. చివరి పాట అయ్యాక అంది: "నాకు అబద్ధం చెప్పావు."

"చెప్పానమ్మా."

"ఇంకోసారి చెప్పావంటే ఈ కర్రతో కొడతాను" అని, నా చెయ్యి పట్టుకుని లేచింది.

తర్వాత పాస్టర్ హజ్‌పెత్ ఆఫీసు గదిలోకి పిలిచారు. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "సిస్టర్ వెర్లీన్, సంఘం పేరు కూడా ఆలోచించాలి కదా. కొన్నాళ్ళు ఓటర్ల పని ఇంకొకరు చూస్తారు. వ్యాను తాళాలు ఇవ్వండి" అన్నారు. ఇరవై ఏళ్ళ కిందట ఈయన ఈ ఊరొచ్చిన మొదటి ఆదివారం అన్నం పెట్టింది నేను.

తాళాలు బల్ల మీద పెట్టాను. "బండి సంఘానిది, తీసుకోండి. ఆ ముసలమ్మల ఇళ్ళకి దారులు నా బుర్రలో ఉన్నాయి. అవి ఇవ్వను" అన్నాను. నవంబరులో నా కారులోనే తీసుకెళ్తాను. నలుగురు పడతారు, ఆరు ట్రిప్పులు వేస్తాను.

ఇప్పుడు అసలు సంగతి. గ్రేడీ ఆఫీసులో ఆ జాబితా మొత్తం చదివాను. రెండుసార్లు చదివాను. మత్తుమందుల కేసు అందులో లేదు. అంటే నీ నేరం అందులో లేదు. లవెల్, నీ ఓటు ఎప్పుడూ పోలేదు! జైల్లో కూర్చుని కూడా పోస్టులో వెయ్యొచ్చు. నీ పద్దెనిమిదో పుట్టినరోజున నేను తీసుకెళ్ళి రాయించిన పేరు ఇంకా ఓటర్ల పుస్తకంలోనే ఉంది, కౌంటీ గుమాస్తాని అడిగి వచ్చాను. బయట తిరిగే నాకు లేదు, లోపల ఉన్న నీకు ఉంది. ఈ చట్టం రాసినవాళ్ళకి తల ఉందో లేదో గానీ, ఉన్నదాన్ని వదులుకోవద్దు.

దరఖాస్తు దీనితో పాటు పెడుతున్నాను. దాని మీద నోటరీ ముద్ర కావాలి. నింపి పంపు.

వెర్లీన్


జైలు, నాలుగో బ్యారక్
మార్చి 30

అక్కా,

ఫారం అందింది. నింపను.

నా పద్దెనిమిదో పుట్టినరోజు అన్నావు కదా. ఆ రోజు నువ్వు కారులోంచి దిగలేదు. "నువ్వే వెళ్ళు, మగాడివయ్యావు, నీ పేరు నువ్వు చెప్పుకో" అన్నావు. నా మీద నమ్మకంతో అన్నావనుకుని రొమ్ము విరుచుకుని వెళ్ళాను. లోపలికొస్తే నీ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని కూర్చున్నావా? ఆ తర్వాత ఒక ఎన్నికలకి నేను తాగి పడుకున్నానని వంటింట్లో నా మీద గిన్నె విసిరావు. ఓటు విలువ తెలియనివాడు ఈ ఇంట్లో తిండి తినడానికి వీల్లేదన్నావు. ఏ హక్కుతో విసిరావు?

నువ్వు వెయ్యలేని ఓటు నా చేత్తో వేయిద్దామని చూస్తున్నావు. నేను నీ చెయ్యిని కాదు.

ఇంకోటి. ఇక్కడ నన్ను లెక్కపెట్టడానికి రోజుకి ఐదుసార్లు నుంచోబెడతారు. నంబరు పిలుస్తారు, పేరు పిలవరు. వాళ్ళ షెరీఫుని, వాళ్ళ జడ్జిని ఎన్నుకోవడానికి నేనెందుకు సాయపడాలి? నన్ను ఇక్కడికి పంపినవాళ్ళే వాళ్ళు.

పాస్టరు తాళాలు తీసుకున్నాడంటే మాత్రం రక్తం ఉడికింది. ఆయన వచ్చే నెల ఇక్కడికి ప్రార్థనకి వస్తాడు. నేను వెళ్ళను.

లవెల్


టోలివర్
ఏప్రిల్ 4

లవెల్,

సెనేట్‌లో బిల్లు చచ్చింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఔననలేదు. కమిటీ దాన్ని బల్ల మీదికి ఎత్తనే లేదు. ఫలానా తేదీ లోపల ఎత్తకపోతే పోయినట్టేనట. "కారణం ఏం చెప్పారు?" అని గ్రేడీని అడిగాను. "కారణం చెప్పాలన్న రూలు లేదు" అన్నాడు.

కనీసం మొహం మీద కాదనే మర్యాద కూడా నాకు దక్కలేదు. రెండు రోజులు మంచం దిగలేదు.

నువ్వు రాసింది నిజం. కారులో కూర్చున్నది భయంతోనే. గిన్నె విసిరింది కూడా నీ మీద కాదు, నీ దగ్గరున్నదాన్ని నువ్వు నేలపాలు చేస్తుంటే చూడలేక. అయినా విసిరింది నీ మీదే కదా, క్షమించు. గ్రేడీకి రాయని క్షమాపణ నీకు రాస్తున్నాను.

ఓటు గురించి ఇంక అడగను. అది నీది, నీ ఇష్టం.

జనవరిలో మళ్ళీ పెట్టిస్తాను. ప్రతి జనవరీ పెట్టిస్తాను. వాళ్ళు ఎత్తేదాకానో నేను పోయేదాకానో.

అక్క


జైలు, నాలుగో బ్యారక్
అక్టోబరు 16

అక్కా,

ఆరు నెలలు రాయలేదు. ములాఖత్‌లో నువ్వు వాతావరణం, నేను తిండి మాట్లాడుకున్నాం. నువ్వు మాట మీద నిలబడ్డావు, ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే తేలిగ్గా కాదనేవాణ్ణి.

ఆగస్టులో పాప్ సిమ్స్ నా పరుపు కింద ఆ ఫారం చూశాడు. ఆయనది చోరీ సొత్తు కేసు, జాబితాలో ఉంది. ముప్పై ఒక్కేళ్ళుగా లోపలా బయటా తిరుగుతున్నాడు. ఫారం అటూ ఇటూ తిప్పి చూసి, పరుపు కింద ఎలా ఉందో అలాగే పెట్టేశాడు.  నువ్వు రెండు రోజులు మంచం దిగలేదని రాశావే, అప్పుడు నీ మొహం ఎలా ఉండి ఉంటుందో ఆయన మొహంలో చూశాను.

సరే, వెళ్ళాను. ఇక్కడ నోటరీ ముద్ర వేసేది కేసులు చూసే మిస్ యాన్సీ. ఫారం చూసి నవ్వింది. "ఖైదీలకి ఓటేంటి నాయనా?" అంది.

"ఉంది మేడమ్. జాబితా చదవండి, నా నేరం చూపించండి."

"నాకు టైము లేదు."

"నాకు చాలా ఉంది మేడమ్. ఇంకా నాలుగేళ్ళుంది. రోజూ ఇదే టైముకి వస్తాను" అన్నాను. తొమ్మిది రోజులు వెళ్ళాను. పదో రోజు వాళ్ళ పైవాళ్ళని అడిగి కనుక్కుందట. మొహం ఇంత చేసుకుని ముద్ర గుద్దింది. గోడ అదిరింది.

నా బ్యాలెట్ వచ్చిన రోజు బ్యారక్ అంతా చుట్టూ మూగింది. సీలు వేసిన కవరు మీద నా పేరు, ముందు నంబరు లేదు, "మిస్టర్ లవెల్ టగ్గుల్" అని ఉంది. ఒక్కొక్కడూ తన నేరం చెప్పి "నాది జాబితాలో ఉందా?" అని అడగడం మొదలెట్టాడు. ఇప్పుడు నా మంచం దగ్గర రోజూ కోర్టు నడుస్తోంది. పదకొండు మందికి ఓటుంది, ఒక్కడికీ తెలియదు. ఏడుగురు ఫారాలు నింపారు. మిస్ యాన్సీ నన్ను చూస్తే దారి మార్చుకుంటోంది.

నిన్న ఓటేసి కవరు అంటించాను. షెరీఫుకి ఎవరికి వేశానో నీకు చెప్పను. రహస్య ఓటు అంటే రహస్యమే, అక్కైనా సరే. ఇది నీ చేత్తో వెయ్యలేదు, నా చేత్తోనే వేశాను. కానీ గీత గీసేటప్పుడు నువ్వు గుర్తొచ్చావు, అది దాచడం ఎందుకు.

నవంబరు మొదటి మంగళవారం, ఓట్ల రోజున, ఏం చేస్తావు? ఇంట్లో కూర్చోకు.

నీ తమ్ముడు,
లవెల్


టోలివర్
నవంబరు 9

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మిస్ పింకీకి చదివి వినిపించాను. "ఆ మిస్ యాన్సీని ఒకసారి నా దగ్గరికి పంపమను" అంది. నేను చదువుతూ ఎంత ఏడ్చానో, మధ్యలో ఎంత నవ్వానో నీకు చెప్పలేను.

ఇంట్లో కూర్చోలేదు. పొద్దున ఏడింటికల్లా మొదటి నలుగురినీ దింపాను. ఆరు ట్రిప్పులు అనుకున్నది తొమ్మిదయ్యాయి, చర్చి వ్యాను తోలిన పిల్ల దారి తప్పి రెండు ఇళ్ళు వదిలేసింది. ఒంటిగంటకి పనైపోయింది. కారు పక్కన పెట్టి, వెళ్ళి క్యూలో నుంచున్నాను.

గ్రేడీని ముందే అడిగాను. ఓటరునని ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు, పెడితే మళ్ళీ జైలు. క్యూలో నుంచుని పుస్తకంలో పేరు చూడమని అడగడం నేరం కాదు.

బల్ల దగ్గర క్లియోటా అత్త కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఓటర్ల పుస్తకం ఆవిడ చేతిలోనే ఉంది. "ఎవర్ని తీసుకొచ్చావే?" అంది.

"నన్నే. వెర్లీన్ టగ్గుల్. చూడు."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఇందులో నీ పేరు లేదని నాకు తెలియదనుకున్నావా పిల్లా? ఏనాడైనా ఎవరికైనా చెప్పానా? ప్రతిసారీ స్టిక్కరు ఇచ్చాను కదా."

"ఇచ్చావత్తా. నీ మేలు మర్చిపోను. ఈసారి స్టిక్కరు వద్దు. పేజీ తిప్పి చూసి, లేదని గట్టిగా చెప్పు."

 ఆవిడ వేలు పెట్టి పేజీ అంతా వెతికి, గదంతా వినేలా "వెర్లీన్ టగ్గుల్, లేదు" అంది. థాంక్స్ చెప్పి, వెళ్ళి క్యూ చివర మళ్ళీ నుంచున్నాను.

రెండోసారి బల్ల దగ్గరికి వచ్చేసరికి మూడు. లేదంది. మళ్ళీ చివరికి వెళ్ళాను. జనం పక్కకి జరిగి చూస్తున్నారు. ఒకామె "ఈవిడకి మతి పోయింది" అంది. "లేదమ్మా, ఓటు పోయింది" అన్నాను.

మూడోసారి నుంచున్నప్పుడు మంగలి టిబ్స్ షాపు తలుపు వేసి వచ్చి నా వెనక నుంచున్నాడు. జేబులో దువ్వెన అలాగే ఉంది. "నాది చెల్లని చెక్కు కేసు, వెర్లీనమ్మా, పాతికేళ్ళ కిందట. మా ఆవిడక్కూడా తెలియదు. ఇప్పుడు తెలుస్తుంది" అన్నాడు. అతని వెనక చేపల ఫ్యాక్టరీ ఆప్రాన్‌తో ఒకామె నుంచుంది, ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. అత్త ఒక్కొక్కరి పేరూ వెతికి, ఒక్కొక్కరికీ లేదని గట్టిగా చెప్పింది.  ఐదో పేరుకి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అయినా ఆపలేదు.

ఆరు దాటింది. ఏడింటికి తలుపులు మూస్తారు. నేను ఐదోసారి క్యూ చివరికి వచ్చాను. కాళ్ళు వాచిపోయాయి. ఎవరో వెనక వచ్చి నుంచున్నట్టయింది. ఓటెయ్యడానికి ఆలస్యంగా వచ్చినవాళ్ళేమోనని జరిగి, "ముందుకి వెళ్ళండి, నాకు తొందరేం లేదు" అన్నాను.

"నాకూ లేదు సిస్టర్" అన్న గొంతు విని తిరిగి చూశాను. పాస్టర్ హజ్‌పెత్. ఆదివారం కోటు వేసుకుని, టోపీ రెండు చేతుల్తో పట్టుకుని నుంచున్నారు. ప్రతి ఎన్నికకీ ముందు ఆదివారం గంటన్నర ఓటు మీద ప్రసంగం చేసే మనిషి.

నేను అడగలేదు. ఆయనే చెప్పారు. "ఇరవై రెండేళ్ళప్పుడు ఇంకొకరి సంతకం పెట్టాను. వేరే కౌంటీ. అదీ ఆ జాబితాలోదే. మీ పేరు పేపర్లో చూడగానే, నాది కూడా ఎవరో తవ్వుతారని భయం పట్టుకుంది. అందుకే తాళాలు అడిగాను. సంఘం పేరు అన్నాను గానీ, నా పేరు కోసమే."

కొట్టాలనిపించింది లవెల్, ఒట్టు. ఎనిమిది నెలలు మిస్ పింకీ తప్ప నా పక్కన ఎవరూ కూర్చోలేదు.  కానీ ముందు నిలబడ్డవాళ్ళందరూ ఆయన సంఘం వాళ్ళే. తలలు తిప్పి చూస్తున్నారు. వెళ్ళిపోవాలంటే తలుపు నాలుగడుగుల్లో ఉంది. ఆయన కదల్లేదు.

క్యూ ముందుకి జరిగింది. నేను జరిగాను, ఆయనా జరిగారు.

"సిస్టర్ వెర్లీన్," అన్నారు చాలా మెల్లగా, "ఆ బల్ల దగ్గర ఏమని చెప్పాలి?"

"మీ పేరు చెప్పండి పాస్టరుగారూ," అన్నాను. "గట్టిగా చెప్పండి. చదివేవాళ్ళకి మన పేర్లు అలవాటు కావాలి."

మీ అక్క,
వెర్లీన్